కురుపాం మన్యమున వరిసేద్యము - నీటికొరత: ఒక చారిత్రక పరిశీలనము

ఉత్తరాంధ్ర చరిత్రను వ్రాసినవారు కోటలను గూర్చియు, జమీందారులను గూర్చియు, పితూరీలను గూర్చియు విరివిగా వ్రాసిరి. ఆ కోటలను పోషించినదియు, ఆ పితూరీలకు మూలమైనదియు నగు మడిచెక్కను గూర్చి, ఆ మడికి పారిన నీటిని గూర్చి వ్రాసినది స్వల్పము. కరవును గూర్చిన మన చరిత్రరచన సయితము మైదానములకే పరిమితమై, కొండవాలులను అంతగా స్పృశింపలేదు. ఈ లోపమును కొంతవరకైనను పూరించు ఉద్దేశముతో కురుపాం మన్యపు వరిసేద్యమును ఇచట పరిశీలింపదలచితిని.

కురుపాం వైరిచర్ల వంశీయుల జమీందారీకి కేంద్రము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 1950లో శ్రీకాకుళము జిల్లాలోనికిని, 1979లో విజయనగరము జిల్లాలోనికిని, 2022 ఏప్రిలు 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనికిని మారినది. ఏలుబడి పేరు ఇన్నిమారులు మారినను రైతునకు నీటివిషయమున నెలకొన్న సంకటము మాత్రము మారలేదు; పైపెచ్చు పెరిగినది.

ఈ ప్రాంతమున వానమీద ఆధారపడి వరి పండించువాడు నీటికి కటకటపడుచున్నాడు. వాన తగ్గుటయే దీనికి కారణమని సామాన్యముగా చెప్పుదురు. వాన నడక మారినమాట వాస్తవమే. కాని వాన ఒక్కచోట తప్పినప్పుడు మరియొకచోట నిలద్రొక్కుకొనుటకు వలసిన వనరులు ఈ రైతునకు ఒకప్పుడు కలవు. అవి ఒకటొకటిగా తొలగిపోయిన పిదపనే వానలోని చిన్న తేడా పెద్ద విపత్తుగా పరిణమించినది. కావున ఇచటి నీటికొరతకు ఆకాశమున ఒక చరిత్ర, నేలమీద ఒక చరిత్ర కలవు. రెండింటిని కలిపి చదివిననే విషయము బోధపడును.

నేల, నీరు

కురుపాం, గుమ్మలక్ష్మీపురం, జియ్యమ్మవలస, కొమరాడ మండలముల కొండలు స్థూలముగా నాగావళి, వంశధార నదుల నడిమి ప్రాంతమునకు చెందినవి. నాగావళి ఒడిశాలోని కలాహండి కొండలలో పుట్టి, రాయగడమీదుగా ప్రవహించి, కొమరాడవైపున ఆంధ్రదేశమున ప్రవేశించును. కొండలనుండి దిగు చిన్నప్రవాహములు ఆ నదిలో కలియును. ఈ ప్రవాహమునకు ఇచటివారు పెట్టిన పేరు గెడ్డ. కృష్ణా గుంటూరు మండలములలో వాగనియు, రాయలసీమలో వంకయనియు పిలువబడునది ఇచట గెడ్డయైనది. వట్టిగెడ్డ, పెద్దగెడ్డ మున్నగు పేర్లలో ఈ పదము నిలిచియున్నది. వాన కురియుచుండగా ఉధృతముగా పారి, వాన వెలిసిన పిదప ఊటనీటితో సన్నగా సాగుట గెడ్డ స్వభావము. మన్యపు వరిసేద్యమంతయు ఆ సన్నని ధారమీదనే ఆధారపడియున్నది.

ఆ ధార ఎంతకాలము నిలుచునన్నది కొండ నిర్మాణమునుబట్టి యుండును. తూర్పుకనుమలలో విస్తారముగా కనిపించు శిలను భూశాస్త్రజ్ఞులు ఖొండలైటు అందురు. ఈ కొండలలో నివసించు ఖోందుజాతినిబట్టియే దానికి ఆ పేరు వచ్చినది. గట్టిశిల తనలో నీటిని దాచుకొనలేదు. శిథిలమై మెత్తబడిన పైపొర మాత్రమే వాననీటిని పీల్చుకొని, మెల్లమెల్లగా ఊటగా విడుచును. ఆ పొరపై చెట్టుచేమలున్నచో నీరు ఇంకుటకు వ్యవధి చిక్కును. వాలు బోడియైనచో వచ్చిన నీరు వచ్చినట్లే జారిపోవును, దానితో మట్టియు పోవును. ఈ ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన కురియును. మొత్తముగా చూచినచో ఇది తక్కువ వాన కాదు. అయినను రెండు మూడు వారములు ఎడము వచ్చినచో గెడ్డలు సన్నగిల్లి, మడులు బీటలువారును. నీరు కురియకపోవుటకంటె కురిసిన నీరు నిలువకపోవుటయే ఇచటి మొదటి చిక్కు.

మూడు అంతస్తుల సేద్యము

ఈ చిక్కును ఎరిగినవారు కనుకనే సవరలును, జాతాపులును ఒకే పంటను, ఒకే నేలను నమ్ముకొనలేదు. వారి సేద్యము మూడు అంతస్తులుగా ఉండెడిది. పైన కొండవాలులలో పోడు. నడుమ గులకనేలయగు గరువు. దిగువ గెడ్డ ప్రక్కన పల్లము. పోడులో సామలు, కొఱ్ఱలు, చోళ్లు, కందులు మున్నగువానిని కలిపి చల్లుదురు. గరువున మెట్టపంటలు వేయుదురు. పల్లమున వరి పండింతురు. సామలకు స్వల్పపు తేమ చాలును. కంది వేరు లోతుగా పోయి, వానలు వెనుకబట్టిన పిదపను నిలుచును. వరికి మాత్రము కాలున నీరుండవలెను. మూడింటిలో ఒకటి చెడినను మిగిలినవి ఇంటిని నిలుపుచుండెను. ఇది నేటి పరిభాషలో బీమా. వారికి అది కేవలము సేద్యము.

ఈ క్రమమునకు పండుగలు సాక్ష్యమిచ్చుచున్నవి. మన్యమున కొత్తపంటను దేవతకు నివేదించిన పిమ్మటనే తినుట ఆచారము. కందికొత్త అను పండుగ ఇప్పటికిని జరుగుచున్నది. మైదానమున కొత్తబియ్యమునకు గల గౌరవమే ఇచట కందికిని లభించుట గమనింపదగినది. ఒక జాతి ఏ పంటను నమ్ముకొని బ్రతికినదో దాని పండుగల పట్టికను చూచి కొంతవరకు ఊహింపవచ్చును.

వరిసేద్యము వీరికి మైదానమువారు నేర్పిన విద్యయని భావించుట పొరపాటు. సవరలు కొండవాలులలో రాతికట్టలతో మెట్లుమెట్లుగా మడులు తీర్చి, పైమడి నీటిని క్రిందిమడికి దింపుచు వరి పండించు నేర్పు 1909లో ప్రకటితమైన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథమునను, 1955లో వెలువడిన వెరియర్ ఎల్విన్ గ్రంథమునను వర్ణింపబడినది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో నుండి సవరభాషను అభ్యసించి, 1931లో దాని వ్యాకరణమును, తరువాత నిఘంటువును ప్రకటించిరి. ఆ కృషి భాషాశాస్త్రమునకు చేసిన మేలు సుప్రసిద్ధము. నేల, నీరు, విత్తు, కోతలకు సంబంధించిన పదజాలమును అందుండి వేరుచేసి చదివినచో అది సేద్యచరిత్రకు కూడ ఆధారగ్రంథమగును. తెలుగుశాఖల విద్యార్థులు ఈ దృష్టితో దానిని పరిశీలింపవలసియున్నది.

ఊళ్లపేర్లు మరియొక సాక్ష్యము. జియ్యమ్మవలస, సంగంవలస మున్నగు పేర్లలో కనిపించు వలస అను ఉత్తరపదము ఈ సీమలో విరివిగా కలదు. జనులు వేరొకచోటనుండి వచ్చి నిలిచిన ఊళ్లని దానినిబట్టి ఊహింపవచ్చును. అట్టి వలసలు ఎక్కువగా లోయలలోను, నీటివసతిగల నేలలమీదను ఏర్పడుట సహజము. పల్లముకొరకు పోటీ ఆనాడే మొదలైనదని నా అభిప్రాయము.

లిఖితసాక్ష్యము మౌనము వహించుటకు కారణము

ఈ ప్రాంతపు అనావృష్టులనుగూర్చి ఆధారములు వెదకబోయినవానికి ఒక విచిత్రము ఎదురగును. మైదానపు రైత్వారీ సీమలలో పంట పోయినప్పుడు శిస్తు మాఫీ చేయవలసి వచ్చెడిది. మాఫీ చేయుటకు ఏ చేను ఎంత ఎండినదో కరణము వ్రాయవలెను. అట్లు కరవు లెక్కలలోని కెక్కెను. విశాఖపట్టణము జిల్లాలో 1802లో శాశ్వత పరిష్కారము అమలైనది. జమీందారు సర్కారునకు కట్టవలసిన పేష్కషు స్థిరము. వాన కురిసినను, కురియకున్నను అదే మొత్తము. సర్కారునకు రావలసినది తగ్గనప్పుడు పంట ఎండినదను సంగతి వ్రాసికొనుటకు దానికి ప్రయోజనము లేదు.

దీనికి తోడు 1839 నాటి 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణముల కొండసీమలు సామాన్యశాసనముల పరిధినుండి తొలగి, కలెక్టరే ఏజంటుగా పాలించు ఏజన్సీలైనవి. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టము ఆ ఏర్పాటునే స్థిరపరచెను. జమీందారీలు 1948 చట్టముచే రద్దయినను, షెడ్యూల్డు ప్రాంతములలో రైత్వారీ సెటిల్‌మెంటునకు శాసనము వచ్చినది 1970లో మాత్రమే. అనగా మైదానమున ఒక శతాబ్దమునకు పైగా అడంగలులు పేరుకొనుచుండగా, మన్యపు మడికి సర్వేనంబరు సయితము లేదు.

కావున లెక్కలలో కరవు కనిపింపనంతమాత్రమున మన్యమున కరవు లేదని చెప్పరాదు. 1896-97లో గంజాము, విశాఖపట్టణము జిల్లాలను పీడించిన కరవు కొండలను విడిచి పోయినదని ఎవరును అనలేరు. లెక్క లేనివాని నష్టము లెక్కకు రాదు. ఈ న్యాయము నేటికిని అమలులోనున్నదని ముందు చూపగలను.

పల్లము చేయిదాటుట

మూడు అంతస్తులలో మొదట చేయిజారినది దిగువదగు పల్లము. విజయనగరమునుండి పార్వతీపురమునకు రైలుమార్గము 1909 నాటికి ఏర్పడి, 1931లో రాయపూరు వరకు సాగెను. చింతపండు, కందులు, కొండసరకులు దూరపు అంగళ్లకు చేరుటకు దారి తెరువబడెను. దానితోపాటు వర్తకుడును, వడ్డివ్యాపారియు కొండల అంచునకు చేరిరి. వాన తప్పిన సంవత్సరమున తిండిగింజలకు అప్పు. అప్పునకు తాకట్టు పల్లపుమడి. పోడును తాకట్టు పట్టువాడు లేడు. గెడ్డనీరు పారు మడికి మాత్రము విలువ కలదు. అందుచే అనావృష్టి వచ్చినప్పుడెల్ల రైతునకు నీటివసతిగల నేలయే ముందు పోయెను. వాన మరల వచ్చెను గాని మడి మరల రాలేదు.

ప్రభుత్వము దీనిని ఎరుగకపోలేదు. ఏజెంటు అనుమతి లేక కొండజాతులవారి భూమి ఇతరులకు సంక్రమింపరాదని 1917లోనే చట్టము చేసిరి. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధన వచ్చెను. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడి కొండసరకుల కొనుగోలునకు పూనుకొనెను. అయినను భూములు చేతులు మారుట ఆగలేదు. కూలిరేట్లు, బంజరు, తాకట్టు భూములు, అడవి హక్కులను గూర్చి గిరిజనులు సంఘములుగా కూడిరి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచున్న గిరిజనులపై లేవిడి దగ్గర కాల్పులు జరిగి ఇద్దరు మరణించిరి. శ్రీకాకుళ సాయుధపోరాటమునకు ఈ ఘటనయే నాందియని చరిత్రకారులు తలంచుచున్నారు. ఆ పోరాటపు రాజకీయములను గూర్చి గ్రంథములు కలవు. దాని మూలమున గెడ్డప్రక్క మడి యున్నదన్న అంశము మాత్రము తగినంతగా గుర్తింపబడలేదు.

1970లో 1959 నిబంధనను సవరించి, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరుల నడుమ సయితము భూమి బదలాయింపులు చెల్లవని శాసించిరి. కొన్ని భూములు తిరిగి వచ్చినవి. కాని శాసనము వచ్చునప్పటికే అరశతాబ్దపు అన్యాక్రాంతము జరిగిపోయియున్నది.

పోడు సంకోచించుట

తరువాత సన్నగిల్లినది పైఅంతస్తు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము రిజర్వు అడవులకు హద్దులు గీచెను. జమీందారీల రద్దుతో ఎస్టేటు అడవులు ప్రభుత్వాధీనమైనవి. పోడు నేరముగా పరిగణింపబడసాగెను. పూర్వము ఒక వాలును కొన్నియేండ్లు బీడుగా విడిచి, అడవి మరల మొలచిన పిదప పోడు కొట్టెడివారు. నేల తగ్గుటతో బీడుంచు కాలమును తగ్గవలసివచ్చెను. దానితో మట్టి బలము తగ్గి, ఊటలకు ఆధారమైన పైపొరయు పలుచబడెను. పోడువలన అడవి పోయినదనువారి మాటలో కొంత సత్యము కలదు. కాని పోడు నడుమ విరామము ఏల పోయినదని వారు అడుగరు. 2006 నాటి అటవీహక్కుల చట్టము సాగులోనున్న నేలకు హక్కుపత్రములిచ్చుటకు వీలు కల్పించెను. అది ఆలస్యముగా జరిగిన న్యాయము.

ఈ నడుమ వాలులపైకి జీడిమామిడి వచ్చెను. దానివలన రొక్కము చేతికి వచ్చినమాట నిజమే. కాని సామలు, చోళ్లు మొలచు నేలలో తోట వేసిన రైతు తిండికొరకు పల్లమువైపును, అంగడివైపును చూడవలసివచ్చెను. 1983లో ప్రారంభమైన కిలో రెండురూపాయల బియ్యపు పథకము ఎన్నో కుటుంబములను ఆకలినుండి కాపాడినది. దానిని తక్కువచేసి మాటలాడుట అన్యాయము. అయినను బియ్యమే అన్నమను భావమును అది కొండలపైకి చేర్చినది. చిరుధాన్యములు వెనుకబడి వరి ఒక్కటే ప్రధానమైనది. మూడు కాళ్లపై నిలిచిన సేద్యము ఒంటికాలిపై నిలిచెను. ఆ కాలును నీటిలో మోపవలసినది.

నీటికట్టడములు

నీటికొరకు ప్రభుత్వము ఏమియు చేయలేదనరాదు. నాగావళిపై గరుగుబిల్లి మండలమున తోటపల్లివద్ద 1908లోనే రెగ్యులేటరు వెలసెను. దాని స్థానమున 2015లో బ్యారేజి ప్రారంభమైనది. పాత ఆయకట్టు 64 వేల యెకరములకు తోడు 1,20,000 యెకరముల కొత్త ఆయకట్టును ఉద్దేశించిరి. జంఝావతిపై తలపెట్టిన ఆనకట్ట ఒడిశాలో ముంపుసమస్యచే ఆగిపోగా, కొమరాడ మండలమున రాజ్యలక్ష్మీపురమువద్ద 2006లో రబ్బరుడ్యాము నిర్మించి కొంత నీటిని మళ్లించిరి. జియ్యమ్మవలస మండలమున రావాడవద్ద వట్టిగెడ్డ జలాశయము కలదు.

ఇవి ఉపయోగకరములే. అయితే వీనియందలి పోలిక ఒకటి గమనింపవలెను. కాలువ నీరు పల్లమునకే పారును. ఆనకట్ట ఏ మట్టమున కట్టుదురో ఆ మట్టమునకు దిగువనున్న నేల తడియును. పైనున్న నేల తడియదు. కొండలు పట్టి యిచ్చిన వాననీరు తోటపల్లివద్ద కూడి మైదానమునకు చేరుచున్నది. ఆ నీటికి తలమానికమైన గెడ్డల ప్రక్క మడులు మాత్రము ఇప్పటికిని వానకొరకు ఎదురుచూచుచున్నవి. ఆయకట్టు లెక్కలలో అవి లేవు. కావున నీరందని ఆయకట్టుగా సయితము అవి లెక్కకు రావు. ఇదియే ముందు చెప్పిన న్యాయపు కొనసాగింపు.

వాన నడక

ఇక ఆకాశపు చరిత్ర. మన్యపు రైతు కాలమును కార్తెలతో కొలుచును. మృగశిర, ఆరుద్రలలో ఆకుమడి పోసి, పుష్యమి, ఆశ్లేషలలో ఉభాలు ముగింపవలెను. హస్త, చిత్తలలో వెన్ను ఈని గింజ పాలుపోసికొనును. నీరు తప్పనిసరిగా కావలసిన గడియలు రెండు: నాటునప్పుడు, ఈనునప్పుడు. సంవత్సరపు మొత్తము సరిపోయినను ఈ రెండు గడియలలో తప్పినచో పంట దక్కదు.

అనావృష్టి కొత్తది కాదు. 1877, 1899, 1918, 1972 సంవత్సరములలో దేశమంతట నైరృతి ఋతుపవనము దారుణముగా విఫలమయ్యెను. దూరపు పసిఫిక్ సముద్రజలము వేడెక్కు ఎల్‌నినో అను స్థితితో అట్టి సంవత్సరములకు సంబంధము కలదని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఇటీవల 2002లో 19 శాతము, 2009లో 22 శాతము లోటు ఏర్పడెను. పూర్వమునుండి ఉన్న ఈ ఒడుదొడుకులపై ఇప్పుడు మరియొక మార్పు వచ్చి చేరినది. భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 1901-2018 నడుమ సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగినదని కేంద్ర భూవిజ్ఞానశాస్త్ర మంత్రిత్వశాఖ 2020లో ప్రకటించిన నివేదిక తెలుపుచున్నది. వానకాలమున ఎండు విరామములు 1951-1980 కాలముకంటె 1981-2011 కాలమున 27 శాతము తరచైనవి. మధ్యభారతమున దినమునకు 150 మిల్లీమీటర్లకు మించిన కుండపోతలు 1950-2015 నడుమ సుమారు 75 శాతము పెరిగినవి. అనగా విరామములు పెరిగినవి, కురిసినప్పుడు ఒక్కపెట్టున కురియుట పెరిగినది. ఖొండలైటు కొండకు ఈ రెండును హానికరములే. కుండపోత ఇంకదు, విరామమున ఊట నిలువదు.

ఇటీవలి నిదర్శనములు రెండు. 2023 ఆగస్టు దేశముమొత్తమునకు 1901 తరువాత అత్యంత శుష్కమైన ఆగస్టు. లోటు 36 శాతము. ఆగస్టు అనగా ఆశ్లేష, మఖ కార్తెలు, వానకు వేచిన నాట్లు పడవలసిన కాలము. మరియొకవైపు 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు తీరము దాటినవి. మూడును చిత్తకార్తె ప్రవేశించిన దినములలోనే ఉత్కళాంధ్రతీరమును తాకినవి. నాటునప్పుడు ఎండ, ఈనునప్పుడు గాలివాన. కార్తెల పంచాంగము తప్పని చెప్పరాదు. అది శతాబ్దముల పరిశీలనఫలము. ఆ పరిశీలనకు ఆధారమైన వానయే ఇప్పుడు తన నడకను మార్చుకొనుచున్నది.

ఈ మార్పునకు మన్యపు రైతు బాధ్యుడు కాడు. బొగ్గు, చమురు మండించి సంపన్నములైన దేశముల పొగ అతని చిత్తకార్తెను చెరచినది. అతడు ఎద పద్ధతిన వెదజల్లియు, తక్కువ దినములలో పండు విత్తనములను వేసియు సర్దుకొనుచున్నాడు. ఈ సర్దుబాటునకు ఒక హద్దు కలదు. సుమారు 120 దినముల పంటకైనను నడుమ మూడువారములు నీరు లేకున్నచో గింజ పట్టదు.

ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలునది ఇది. కురుపాం మన్యమున నీటికొరతయు వానకొరతయు ఒకటి కావు. అప్పువలన పల్లము పోయినది. హద్దులవలనను, తోటలవలనను పోడు సన్నగిల్లినది. కాలువలు దిగువకు సాగినవి. ఇట్లు బలహీనపడిన సేద్యముపై మారిన వాన వచ్చి పడినది. వానను మాత్రమే దోషిని చేసినచో మిగిలినవారు నిర్దోషులుగా తప్పించుకొందురు. చికిత్సయు తప్పుదారి పట్టును.

చికిత్సకు చరిత్ర కొంత దారి చూపుచున్నది. గెడ్డపై పెద్దకట్టకంటె కొండవాలున చిన్నచిన్న అడ్డుకట్టలు, రాతికట్టల మడులు, ఊటల రక్షణ మన్యపు నైజమునకు తగినవి. సవరలు ఈ విద్యను ఎవరివద్దను నేర్చుకొనలేదు. ఒడిశా ప్రభుత్వము 2017లో తన గిరిజన జిల్లాలలో చిరుధాన్యములకు ప్రత్యేకపథకమును ఆరంభించెను. సరిహద్దుకు ఇవతల కూడ సామలకును చోళ్లకును గిట్టుబాటు కల్పించినచో వరిపై పడిన భారము తగ్గును. తొలగిన రెండు అంతస్తులను మరల నిలుపుటయే దీని సారాంశము.

పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపము. ఈ కొండలలో అడంగలు లేని కాలమునకు వృద్ధుల జ్ఞాపకమే అడంగలు. ఏ గెడ్డ ఏ కార్తెవరకు పారెడిదో, ఏ ఊట ఏనాడు ఎండినదో, ఏ మడి ఏ కరవున తాకట్టుపడినదో చెప్పగలవారు నేటికిని కలరు. వారి మాటలను సవరలోను, జాతాపుల తెలుగులోను, ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనవలెను. ఆ పని చేయుటకు మిగిలిన వ్యవధి స్వల్పము. లెక్కలోనికి ఎక్కని నష్టమును లెక్కలోనికి ఎక్కించుట చరిత్రకారుని ధర్మము. నీటివిషయమున ఆ ధర్మము మన్యమున ఇంకను మొదలుపెట్టవలసియే యున్నది.